సూరన్న సన్నాయిలో వాటా

గోవర్ధనం నెమ్మదస్తుడు. రైల్లో తన సీటులో ఎవరైనా కూర్చుంటే "ఫరవాలేదు, కూర్చోండి" అని తలుపు దగ్గర నిలబడే రకం. అలాంటివాడు ఒక్క విషయంలో మాత్రం ఎదుటివాడి చొక్కా పట్టుకున్నంత పని చేసేవాడు. అది దేవరాపల్లి సూరన్న సన్నాయి.

ఈ సూరన్న పేరు మీరు విని ఉండరు. నలభై ఏళ్ల కిందట అనకాపల్లి చుట్టుపక్కల పెళ్లిళ్లలో వాయించేవాడు. రేడియో గడప తొక్కలేదు, సభ ఎక్కలేదు. ఆయన సంగీతంలో లోకానికి మిగిలినవి పంతొమ్మిది పెళ్లి కాసెట్లు. వాటిలో సన్నాయితోపాటు పురోహితుడి మంత్రాలూ, వీడియో తీసేవాడి "ఇటు చూడమ్మా, ఇటు" లూ, వంటవాళ్ల కేకలూ ఉంటాయి. సూరన్న మోహన రాగాన్ని మెల్లగా ఎత్తుకుని, ఒక్కో మెట్టూ ఎక్కించి, ఇదిగో ఇప్పుడే శిఖరం అనుకునేసరికి పురోహితుడు "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరుస్తాడు. డోళ్లు దబదబా మోగుతాయి. రాగం పందిట్లో ఎక్కడో తొక్కిసలాటలో పడిపోతుంది. పంతొమ్మిది కాసెట్లలోనూ ఇదే వరస.

అయినా ఆ కాసెట్లంటే ప్రాణం పెట్టేవాళ్లు అరవైముగ్గురున్నారు. గోవర్ధనం ఫోనులో నడిపే 'సూరన్న సభ' అనే బృందంలో వాళ్లంతా సభ్యులు. కొత్తగా ఎవరు చేరినా గోవర్ధనమే ఎదురెళ్లేవాడు. "రండి రండి. ముందు తుమ్మపాల పెళ్లి వినండి. ఎనిమిదో నిమిషం దాకా ఓపిక పట్టండి, ఆ తర్వాత మీ ఇష్టం" అని స్వయంగా రాసేవాడు. ఆ వచ్చినవాళ్లు ఎనిమిదో నిమిషం దాకా వెళ్లేలోపే పేరిశాస్త్రిగారు అడ్డం పడేవారు. ఆయన అమలాపురంలో పోస్టుమాస్టరుగా చేసి విరమించిన మనిషి. "కశింకోట కాసెట్టులో పసివాడు ఏ స్వరంలో ఏడ్చాడో చెప్పండి చూద్దాం" అని పరీక్ష పెట్టేవారు. కొత్తవాళ్లు రెండో రోజుకల్లా మాయం. పోతూ పోతూ ఒకమ్మాయి, "అంకుల్, ఇది పాటా, పెళ్లి గోలా?" అని అడిగి పోయింది. ఆ మాట గోవర్ధనాన్ని వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

ఎందుకంటే అదే మాట ఇంట్లో ఇరవై నాలుగేళ్లుగా వింటున్నాడు. ఆయన భార్య సువర్చల హైస్కూల్లో లెక్కల టీచరు. "మీరూ మీ పెళ్లి గోలా! తలుపేసుకుని వినండి" అనేది. గోవర్ధనం తలుపేసుకుని వినేవాడు.

గోవర్ధనం ఉద్యోగం విశాఖపట్నంలో, చెవి జబ్బుల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో. యంత్రాలు బిగించడం, సరిచేయడం ఆయన పని. అక్కడికి ఎర్రినాయుడనే లారీ డ్రైవరు వచ్చేవాడు. మెదడు జ్వరం తగ్గాక అతనికో చిత్రమైన లోపం మిగిలింది. అన్నీ వినపడతాయి గానీ దేనికీ రుచి లేదు. "మా మనవరాలు పాడినా, ఎనకనించి లారీ హారన్ కొట్టినా నాకొకలాగే ఉంటంది బాబూ" అనేవాడు.

అప్పటికే జనమంతా చెవుల్లో గింజలు పెట్టుకుని తిరుగుతున్నారు. శనగగింజంత పరికరాలు. పాట వినిపిస్తాయి, చెవి గోడలోంచి మెదడు అలల్ని చదివి నిద్ర ఎంత, నాడి ఎంత అని చెబుతాయి. సంస్థ పెద్ద డాక్టర్ మెహరున్నీసాకి ఒక ఆలోచన వచ్చింది. చదవగలిగిన గింజ రాయలేదా? ఒకరు పాట విని పులకరించినప్పుడు మెదడులో లేచే అలని పట్టి, ఎర్రినాయుడి మెదడులో లేపితే?

ఆవిడ సిబ్బందినంతా పిలిచి, "మీలో ఎవరికైనా ఒక పాట వింటే నిజంగా ఒళ్లు గగుర్పొడుస్తుందా?" అని అడిగింది. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. గోవర్ధనం రెండు చేతులూ ఎత్తాడు.

తుమ్మపాల మోహన పెట్టారు. ఈ కుర్చీలో గోవర్ధనం, ఆ కుర్చీలో ఎర్రినాయుడు. ఎనిమిదో నిమిషం దాటింది. ఎర్రినాయుడు తన చేతి వంక చూసుకున్నాడు. రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కళ్లు తుడుచుకుంటూ, "ఆపకండి బాబూ, ఆపకండి" అన్నాడు. సరిగ్గా అప్పుడు "గట్టిమేళం!" అని కేక. ఎర్రినాయుడు కుర్చీలోంచి లేచిపోయాడు. "ఆ పంతులి నోరు ఎవులైనా మూయండర్రా!"

అరవైనాలుగో అభిమాని దొరికాడని గోవర్ధనానికి అర్థమైంది.

"వెయ్యి మంది రోగులకి ఇది దారి" అంది డాక్టరమ్మ, గింజలు పెట్టెలో పెడుతూ. "కానీ గోవర్ధనం గారూ, పుచ్చుకున్నవాళ్లకి ఏమవుతుందో చూశాం. ఇచ్చేవాళ్లకి ఏమవుతుందో ఇంకా చూడలేదు. ఆరు నెలలు ఎవరికీ చెప్పకండి."

గోవర్ధనం ఆరు రోజులు కూడా ఆగలేకపోయాడు. మామూలు గింజలతోనే పనిచేసేలా చిన్న ప్రోగ్రాము రాసి, దానికి 'వాటా' అని పేరు పెట్టాడు. పాట వింటూ ఒక మీట నొక్కితే చాలు, ఏ ఊళ్లో ఉన్న మనిషికైనా మన పులకరింతలో వాటా పోతుంది.

మొదటి వాటా సువర్చలకిచ్చాడు. ఆవిడ వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. "రెండు నిమిషాలు, నా కోసం" అని బతిమాలి గింజలు పెట్టించాడు. కత్తి టకటకలాడుతూనే ఉంది. కాసేపటికి నెమ్మదించింది. ఆ తర్వాత ఆగిపోయింది. గట్టిమేళం వచ్చేదాకా ఆవిడ కదల్లేదు.

"ఈయన ఎవరండీ?" అంది.

"ఇరవై నాలుగేళ్లుగా చెబుతున్నాను కదే!"

"మీరు చెప్పడం వేరు. మళ్లీ పెట్టండి."

ఆ పూట ఇంట్లో బెండకాయ కూర లేదు. ఊరగాయతో తింటూ ఇద్దరూ తుమ్మపాల, కశింకోట, మునగపాక పెళ్లిళ్లు మూడూ విన్నారు. తలుపు తీసే ఉంది.

ఇక సభ సంగతి చెప్పనక్కర్లేదు. కొత్తవాళ్లు వచ్చీ రాగానే పాతవాళ్లెవరో ఒకరు వాటా ఇస్తారు. వచ్చినవాళ్లు పులకరించి, తమ స్నేహితుల్ని లాక్కొస్తారు, వాళ్లకి వీళ్లు వాటా ఇస్తారు. అరవైముగ్గురు కాస్తా రెండు నెలల్లో తొమ్మిదివేలయ్యారు. అందరికంటే పేరిశాస్త్రిగారు మారిపోయారు. పరీక్షలు మానేశారు. పొద్దున లేచి స్నానం చేసి, కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లకి వచ్చినట్టు వడ్డించేవారు. "ఆయ్, రండమ్మా, మీకూ ఉంది, తోసుకోకండి" అని రాసేవారు.

ఒక ఆదివారం ఉదయం గోవర్ధనం గడ్డం గీసుకుంటూ తుమ్మపాల మోహన పెట్టుకున్నాడు. ఎనిమిదో నిమిషం వచ్చింది, పోయింది. ఏమీ లేదు. సన్నాయి పీ అంటోంది. ఎవడో "ఇటు చూడమ్మా" అంటున్నాడు. ఎవరికో సాంబారు కావాలట. గోవర్ధనం గింజలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. పీ.

ఫోను మోగింది. పేరిశాస్త్రిగారు. "నాయనా, తుమ్మపాల కాసెట్టు మీద ఎవరో ఏదో చేసినట్టున్నారు. ఉత్త పెళ్లిగోల వినిపిస్తోంది."

సాయంత్రంలోగా అలాంటి ఫోన్లు ముప్పై వచ్చాయి. అన్నీ పాతవాళ్లవే. కొత్తవాళ్లు మాత్రం సభలో ఆహా ఓహో అంటూనే ఉన్నారు. గోవర్ధనానికి కాసెట్టుకేమీ కాలేదని అప్పుడే తెలిసిపోయింది. కానీ ఆ మాట పైకి అనడానికి ధైర్యం చాలలేదు.

ముఖ్యంగా ఇంట్లో. సువర్చలకి ఇప్పుడు రోజూ బడి నుంచి రాగానే కాఫీతోపాటు సూరన్న ఉండాలి. స్పీకరులో పెద్దగా పెట్టి, భర్తని పక్కన కూర్చోబెట్టుకుని, "చూశారా, ఇక్కడ మెట్టు ఎక్కబోయి ఆగాడు, కావాలనే" అని వివరించేది. గోవర్ధనానికి ఆ పీపీలు భరించడం కష్టమైపోయింది. దొంగ ఉపాయం ఒకటి కనిపెట్టాడు. గింజల్ని నిశ్శబ్దంలో పెట్టి చెవులు మూసేసుకునేవాడు. ఏ క్షణాన ఏ సంగతి వస్తుందో ఇరవై నాలుగేళ్ల కంఠోపాఠం. గోడ గడియారం ముల్లు చూసుకుని, ఎనిమిది నిమిషాల పది సెకన్లకి తలూపేవాడు, పదకొండూ నలభైకి కళ్లు మూసుకుని "ఆహా" అనేవాడు.

ఆ రోజు కూడా పదకొండూ నలభైకి కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, "ఆహాహా! ఏం ఎక్కాడే!" అన్నాడు. కళ్లు తెరిచేసరికి సువర్చల కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన వంకే చూస్తోంది. పైన పంకా తిరగడం లేదు. స్పీకరు దీపం వెలగడం లేదు. కరెంటు పోయి నాలుగు నిమిషాలైందట.

గోవర్ధనం గింజలు తీసి అంతా చెప్పేశాడు.

సువర్చల మొదట నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. "అయితే నాకిచ్చినందుకు మీది పోయిందా?"

"నీకొక్కదానికే అయితే పోయేది కాదేమో. నూట పన్నెండు మందికిచ్చాను."

"నూట పన్నెండు! అందులో నాది ఎన్నోది?"

"మొదటిది."

ఆవిడ ముఖం కాస్త విచ్చుకుంది. అది చూసి గోవర్ధనానికి ఆశ పుట్టింది. నేల చూపులు చూస్తూ, "నువ్వు కొంచెం తిరిగి ఇస్తే..." అన్నాడు.

కరెంటు వచ్చింది. స్పీకరు పాట ఎత్తుకోబోతే సువర్చలే ఆపేసింది.

"ఇవ్వనండీ" అంది. "కోప్పడకండి. ఇరవై నాలుగేళ్లు మీరు లోపల విన్నారు, నేను బయట పిండి రుబ్బాను. నాకు దొరికి ఇంకా మూడు నెలలు కాలేదు. బంగారం అడగండి, తీసిస్తాను. ఇది ఇవ్వలేను."

గోవర్ధనం అలిగాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు స్నానాల గదిలో ఆవిడ మోహన కూనిరాగం తీస్తుంటే విని, తను ఆ స్థితిలో ఉంటే ఏం చేసేవాడని తనని తానే అడిగాడు. తనైతే అసలు అడిగిన వాళ్లకి సమాధానం కూడా చెప్పేవాడు కాదు. అలక అక్కడితో తీరింది. కానీ తొమ్మిదివేల మంది సంగతి తీరలేదు. ఇంకా పంచుతూనే ఉన్నారు.

డాక్టర్ మెహరున్నీసా దగ్గరికి వెళ్లి తల వంచుకు నిలబడ్డాడు. ఆవిడ గంటసేపు పరీక్షలు చేసింది. కేకలేయలేదు. కేకలేస్తే బాగుండుననిపించింది గోవర్ధనానికి.

"ఆ పాటకీ మీ పులకరింతకీ మధ్య మెదడులో ఒక దారి ఉంటుంది గోవర్ధనం గారూ. గింజ దాన్ని చూసి రాసుకుంటోందనుకున్నాం. కాదు, తవ్వుకుపోతోంది. ఒకటి రెండుసార్లయితే మళ్లీ పూడుతుంది. నూట పన్నెండుసార్లు తవ్వితే ఇక దారెక్కడిది? ఎర్రినాయుడికి ఇచ్చినట్టు ఇంకొకరికి ఇవ్వాలన్నా ఇప్పుడు భయమే. నా పని ఏడాది వెనక్కిపోయింది."

"మళ్లీ రాదాండీ?"

"ఆ పాటకి రాదు. పుచ్చుకున్నవాళ్లు ఇంకొకరికి పంచినకొద్దీ అది పలచబడుతుంది. ఎనిమిదో చేతికి చేరేసరికి ఏం మిగులుతుందో తెలుసా? చెవి తమ్మె మీద దురద."

గోవర్ధనానికి అప్పుడు గుర్తొచ్చింది. పదిరోజులుగా సభలో కొత్తవాళ్లు చాలామంది, "సూరన్న గారిని వింటే చెవి భలే జిలపుడుతోంది, ధన్యులం" అని రాస్తున్నారు.

సంస్థలో గోవర్ధనాన్ని ప్రయోగశాల నుంచి తప్పించి, వినికిడి యంత్రాల మరమ్మతు కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం వాటా మీటని తీసేసి, సభలో ఉన్నదున్నట్టు రాశాడు. తిట్లు వానలా కురిశాయి. మోసమన్నారు. ఒకాయన "మరి నా దురద సంగతేమిటి?" అని నిలదీశాడు. వారం తిరిగేసరికి నూటనలభై మంది మిగిలారు. అందులో పాతవాళ్లు విని ఆనందించలేరు. కొత్తవాళ్లకి ఏం మాట్లాడాలో తెలియదు.

పేరిశాస్త్రిగారు ఫోను చేశారు. ఆయన నాలుగువందల మందికిచ్చారట.

"నన్ను క్షమించండి శాస్త్రిగారూ."

"నువ్వేం చేశావు నాయనా. ఇన్నేళ్లూ నేను పరీక్షలు పెట్టి తరిమేశాను. ఈ రెండు నెలలే, మనుషులు నాకు దణ్ణం పెట్టి పుచ్చుకున్నారు. పోతే పోయింది." ఆయన గొంతు సవరించుకున్నారు. "సూరన్నగారి వర్ధంతి వస్తోందిగా. తొమ్మిదేళ్లుగా చేస్తున్నాం, వినపడినా పడకపోయినా ఈసారీ చేద్దాం. గంధపు దండ కొనేశాను."

ఆ వర్ధంతి ప్రకటన సభలో పెట్టగానే ఒక జవాబు వచ్చింది. రాసినావిడ ప్రిస్కిల్లా, చోడవరం ఆసుపత్రిలో నర్సు, రెండు నెలల కిందట చేరిన సభ్యురాలు. "సార్, మీరు వర్ధంతి చేస్తున్న సూరన్న గారు నిన్న కాలికి కట్టు మార్పించుకోడానికి మా దగ్గరికి వచ్చారు. ఇంతకుముందు రెండుసార్లు రాశాను. శాస్త్రి సార్ తప్పుడు వార్తలని తీసేశారు."

కాసేపటికి శాస్త్రిగారు రాశారు: "పొరపాటు జరిగింది. మన్నించాలి. దండ వాపసు తీసుకుంటారేమో కనుక్కుంటాను."

మే నెల రెండో శనివారం, గోవర్ధనం, సువర్చల, అమలాపురం నుంచి వచ్చిన శాస్త్రిగారు చోడవరంలో దిగారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ప్రిస్కిల్లా వాళ్లని ఒక పెంకుటింటి దగ్గరికి తీసుకెళ్లింది. అరుగు మీద నులకమంచంలో బక్కపలచని ముసలాయన కట్టు కట్టిన కాలు చాపుకుని, చింతపండులో గింజలు తీస్తున్నాడు. గోవర్ధనం ఒంగి దణ్ణం పెట్టాడు. శాస్త్రిగారు చేతిలోని సంచీని వీపు వెనక దాచుకున్నారు. దండ వాపసు తీసుకోలేదు మరి.

"తాతా, నీ పాటలంటే పడి సచ్చేవోళ్లు" అని పరిచయం చేసింది ప్రిస్కిల్లా. "నువ్వు లేవనుకుని ఏటేటా నీ దినం కూడా సేసినారు."

సూరన్న చింతపండు పక్కన పెట్టాడు. "నా దినవే? ఎన్నేళ్లు?"

"తొమ్మిదండి" అన్నారు శాస్త్రిగారు, భూమిలోకి కుంగిపోతూ.

"బోజనాలెట్టినారా?"

"పులిహోర, గారెలు, దద్ధోజనం..."

"ఎవులైనా సెప్తే నానూ వొద్దును గదా" అన్నాడు సూరన్న. సువర్చల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గోవర్ధనం మంచం పక్కన నేల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. గింజలూ, వాటాలూ, దురదా అన్నీ. సూరన్న శ్రద్ధగా విన్నాడు. ఎంత అర్థమైందో తెలియదు.

"అయితే ఇప్పుడు నీకు నా వోయింపు ఇంటే ఏటీ అనిపించదన్నమాట."

"లేదండి. క్షమించాలి."

"నాకెప్పుడనిపించింది బాబూ? ఊదీవోడికి ఊపిరి సాలతాదా లేదా అనే గానీ, మరేటి ఇనపడతాది? తెల్లారగట్ల నించీ ఊది ఊది, పెళ్లోరు కాఫీ ఎప్పుడిస్తారా అని సూసీవోడిని."

గోవర్ధనం నిర్ఘాంతపోయాడు. "మరి అంత బాగా ఎలా వాయించారండీ?"

"పందిట్లో మూలకి ఒకడన్నా కూకుంటాడు. బోజనాల బంతి లెగిసిపోతన్నా ఆడు లెగడు. ఆడి మొకం సూసి వోయించీవోడిని. ఆడికేటో ఇనపడతంది, సాలు." సువర్చల వంక చూసి నవ్వాడు. "ఈయమ్మ మొకం అలాటి మొకవే. నాకు తెలిసిపోద్ది."

"ఒక్కసారి వినిపించరా బాబాయ్‌గారూ?" అంది సువర్చల. లెక్కల టీచరు గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

సన్నాయి ఎప్పుడో ఒక శిష్యుడికి ఇచ్చేశాడట. గోడగూట్లో వెతికి, గుడ్డలో చుట్టిన చిన్న పీక ఒకటి తీశాడు. సన్నాయి కొసన పెట్టుకుని ఊదే రెల్లుముక్క. దాన్ని నాలుక మీద తడిపాడు. ముందుపళ్లు రెండు లేవు. ఊదితే గాలి పక్కల నుంచి పోయి, బాతు తొక్కిడి పడ్డట్టు ఒక అరుపు వచ్చింది. ఎదురింటి కుక్క మొరిగింది. ప్రిస్కిల్లా పకపకా నవ్వింది. శాస్త్రిగారూ ఆపుకోలేకపోయారు. సూరన్న తనూ నవ్వి, పీకని పెదవుల మధ్య ఇంకో మూలకి జరిపి, మళ్లీ ఊదాడు.

ఈసారీ అరుపే. కానీ ఆ అరుపుని ఆయన పట్టుకున్నాడు. పట్టుకుని కొంచెం వంచాడు, వంచి పైకి ఎత్తాడు. ఏ కాసెట్టులోనూ లేనిది. రాగమని చెప్పడానికి కూడా లేదు. ఒక్క ఊపిరంతసేపు. ఎవరూ గట్టిమేళమని అరవలేదు. ఊపిరి అయిపోయింది, దగ్గు వచ్చింది. సువర్చల లేచి మంచినీళ్లందించింది.

గోవర్ధనం ఎడమ చెయ్యి వంక చూసుకున్నాడు. మణికట్టు దగ్గర నాలుగో అయిదో వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నాలుగే. చప్పున కుడిచేత్తో కప్పేశాడు, గాలికి ఎక్కడ ఆరిపోతుందోనని.

"ఏమైందండీ?" అంది సువర్చల.

"ఏం లేదు. చలి."

"మే నెలలో, చోడవరంలోనా?"

"ఔను" అన్నాడు గోవర్ధనం, చెయ్యి తీయకుండా.